కుడిచివరి డబ్బా

ఆ ఉదయం ఆ ఇంట్లో ఇద్దరికి రెండు పనులున్నాయి. రెంటికీ కావలసింది వంటింటి కిటికీ గట్టే. జరిగినదానికంతటికీ మొదలు అదే గానీ, అప్పుడు చూసినవాళ్లెవరైనా ఆ ఇల్లు ప్రశాంతంగా ఉందనే అనుకునేవారు.

ఇంటాయన రంగుల దుకాణంలో రంగులు కలుపుతాడు. ఇరవై రెండేళ్లుగా అందరూ రంగులాయన అని పిలిచి పిలిచి, అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. గోడ మీంచి రాలిన పెచ్చు, చీర కొంగు, ఎండిన ఆకు, ఏది తెచ్చి బల్ల మీద పెట్టినా అచ్చం ఆ రంగే కలిపి అట్టముక్క మీద పూసి ఇస్తాడు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి, మీరు తెచ్చింది ఏదో చెప్పండి అంటాడు. వాళ్లు తడబడతారు. ఆయనకు జీవితంలో ఉన్న వినోదం అదొక్కటే.

ఆయనకో పద్ధతి ఉంది. నమూనాను దుకాణంలోని దీపాల కింద చూసి నమ్మడు. దాన్ని అరచేతిలో పట్టే డబ్బాలో ఇంటికి తెచ్చుకుని, వంటింటి కిటికీ గట్టు మీద కుడిచివర పెట్టుకుని, తెల్లవారి వెలుతురులో ఓసారి చూస్తాడు. అప్పుడు గానీ పనిలో చెయ్యి పెట్టడు. దుకాణంలో వాడకుండా మిగిలిపోయిన కొత్త డబ్బాలు ఇంటికి చేరడం కూడా ఇలాగే అలవాటైంది. ఆ వంటింట్లో ఉప్పు, మిరియాలు, పంచదార, గుండీలు, సూదులు అన్నీ ఒకే రకం డబ్బాల్లో ఉంటాయి. ఒక్కదానికీ చీటీ ఉండదు. ఇంటావిడ పాత దస్తావేజులు దాచే ఆఫీసులో పని చేస్తుంది. రోజంతా చీటీలు రాసి అతికించే ఉద్యోగం కావడంతో, ఇంటికొచ్చాక చీటీ మాటెత్తితే ఆవిడకు ఒళ్లు మండుతుంది. ఏ డబ్బాలో ఏముందో చోటును బట్టి తనకు తెలుసంటుంది. తెలుసు కూడా, ఎవరూ కదపనంతవరకు.

ఆ రోజు కిటికీ గట్టు మీద ఉన్నది మామూలు నమూనా కాదు. ఒక పెద్ద బడికి నలభై రెండు గదులు. వాటన్నిటికీ ఒకే లేత ఆకుపచ్చ వేయించాలని ఆ బడి పెద్దమేడమ్ పట్టుదల. డ్రాయింగ్ టీచరు దగ్గర రంగులు అడిగి తీసుకుని, ఆవిడ స్వయంగా కలిపి తెచ్చిన డబ్బా అది. అప్పటికే రెండు దుకాణాలవాళ్లు ప్రయత్నించి ఆవిడ చేత చీవాట్లు తిన్నారు. ఇది చాలదన్నట్టు, రంగుల్ని చూసి తనంతట తనే పాళ్లు లెక్కగట్టే మెషీన్ ఒకటి వారం రోజులుగా దుకాణంలో ఓ మూల కూర్చుని ఉంది. దాన్ని తెచ్చిన కంపెనీ మనిషి దాని పక్కనే టై కట్టుకుని కూర్చుంటున్నాడు. యజమానికి రంగులాయన అంటే అభిమానమే కానీ, మెషీన్ అంటే ఇంకా కొత్త మోజు. చివరికి ఆయన తేల్చి చెప్పాడు. పెద్దమేడమ్ డబ్బా చూసి ఇద్దరూ చెరో అట్ట తయారుచేయాలి. సాయంత్రం నాలుగింటికి ఆవిడ వచ్చి ఎవరిది ఒప్పుకుంటే రంగులు కలిపే బల్ల వాళ్లది. మెషీన్ గెలిస్తే రంగులాయనను గోడౌన్‌లో డబ్బాలు లెక్కపెట్టే పనికి మారుస్తారు. కళ్లతో బతికినవాడికి లెక్కలతో బతకమంటే ఎలా ఉంటుందో ఆయనకు వారం నుంచి నిద్ర పట్టనంత బాగా తెలుసు.

ఇంటావిడ పని ఇంత పెద్దది కాదు కానీ పట్టుదల మాత్రం తక్కువది కాదు. వాళ్ల ఆఫీసులో నెలకోసారి అందరూ కలిసి భోంచేస్తారు. పోయిన నెల ఆవిడ కూరగాయలు ఓవెన్లో కాల్చి తీసుకెళ్లింది. అందరూ తిన్నారు. టైపిస్టు మాత్రం ఓ ముక్క నమిలి, "బావున్నాయి వదినా. మంచినీళ్లేవీ?" అని అడిగింది. ఆ మాట నెలంతా ఆవిడ చెవిలోనే ఉండిపోయింది. అందుకే ఈసారి కాల్చిన ముక్కలతో పాటు చిక్కటి ఆకుల సాస్ కూడా తీసుకెళ్లాలనుకుంది.

తెల్లవారకముందే లేచి క్యాలీఫ్లవర్, క్యారెట్, చిలగడదుంప, ఉల్లిపాయ పెద్ద ముక్కలుగా తరిగి, నూనె, ఉప్పు పట్టించి ఓవెన్లోకి తోసింది. వాటి మధ్యలో వెల్లుల్లి గడ్డ ఒకటి పొట్టు తీయకుండానే పెట్టింది. రంగులాయన ఆరింటికి కిటికీ దగ్గరకు వచ్చి, మూత తీసి, తల అటూ ఇటూ వంచి డబ్బాలోకి చూసుకున్నాడు. బూడిద తగిలిన ఆకుపచ్చ. కష్టమే కానీ చేతనయ్యేదే.

"ఈ డబ్బా జాగ్రత్త. ఈ రోజు నా బతుకంతా ఇందులోనే ఉంది" అన్నాడు.

"నా పరువు ఓవెన్లో ఉంది. కాస్త పక్కకి జరగండి" అంది ఆవిడ.

ఆయన స్నానానికి వెళ్లాడు. ఆవిడ కాలిన వెల్లుల్లిని వేళ్లతో నొక్కితే లోపలి గుజ్జు వెన్నలా జారింది. దానికి గుప్పెళ్ల కొద్దీ కొత్తిమీర, పుదీనా, కాస్త నిమ్మరసం, మిరియాలు చేర్చి రుబ్బి, పలచటి గుడ్డలో వడకట్టింది. అందులో చిక్కటి మీగడ పోసి కలిపితే ఒక్క పలుకు లేకుండా, పట్టుగుడ్డలా నున్నగా, లేత ఆకుపచ్చగా తయారైంది. రుచి చూసి, టైపిస్టును తలుచుకుని తృప్తిపడింది. ఇంట్లోని గిన్నెలకు సరైన మూతలు లేవు. రంగు డబ్బాకు మించి బిగువైన మూత లోకంలో ఇంకోటి లేదు. అందుకని కొత్త డబ్బా ఒకటి కడిగి తుడిచి సాస్ అందులో పోసి, మూత వదులుగా వేసి, చల్లారడానికి గాలి బాగా తగిలే కుడిచివర పెట్టింది. అక్కడ అంతకుముందే ఉన్న డబ్బాను మర్యాదగా ఎడమవైపుకు జరిపింది.

ఎనిమిదింపావుకు రంగులాయన కుడిచివరి డబ్బా అందుకుని, మూత మీద గుద్ది బిగించి, వెళ్లిపోయాడు. తొమ్మిదింటికి ఆవిడ మిగిలిన డబ్బాను, కూరగాయల పెద్ద క్యారియర్‌ను సంచిలో పెట్టుకుని ఆఫీసుకు బయల్దేరింది.

దుకాణంలో రంగులాయన ఫోను సొరుగులో పడేశాడు. కలిపేటప్పుడు ఫోను దగ్గర ఉండకూడదన్నది ఆయన రెండో నియమం. మూడోది, డబ్బాను కుదపకుండా రంగును చూడకూడదన్నది. అందుకని డబ్బాను కుదిపే యంత్రంలో బిగించి రెండు నిమిషాలు ఆడించి, మూత తీశాడు. తీసి, అలాగే నిలబడిపోయాడు. ఆరింటికి తను చూసింది బూడిద తగిలిన ఆకుపచ్చ. ఇది చిగురాకు రంగు. రాత్రి సరిగ్గా నిద్రపోలేదు, తెల్లవారుజామున మబ్బు పట్టి ఉంటుంది అని తనకు తను సర్దిచెప్పుకున్నాడు. వాసన చూస్తే సగం సంగతి అప్పుడే తేలిపోయేది. కానీ ఇరవై రెండేళ్ల పాటు థిన్నర్ పీల్చిన ముక్కు అది. ఎప్పుడో పని మానేసి, ముఖానికి అలంకారంగా మాత్రమే మిగిలింది.

వాసన కంపెనీ మనిషికి తగిలింది. మెషీన్ కంటి కింద డబ్బా పెట్టేటప్పుడు వెల్లుల్లి కాలిన కమ్మటి వాసన ఒకటి వచ్చి, పొద్దున టిఫిను తినలేదని గుర్తుచేసింది. పక్క వీధిలో ఏదో హోటలు ఉంది కాబోలు అనుకున్నాడు. యజమానికీ ఆ వాసనే తగిలింది. కొలెస్ట్రాల్ పెరిగిందని డాక్టరు నూనె మాన్పించినప్పటి నుంచి ఆయనకు అన్ని చోట్లా తిండి వాసనలే వస్తున్నాయి. అందుకే నోరెత్తలేదు.

పదింటికి రంగులాయన మొదటి అట్ట పూసి ఆరబెట్టాడు. ఆయన చేసిన వాటిలో మేలైన పని అది. ఆరింది కదా అని పదకొండింటికి డబ్బా పక్కన పెట్టి చూశాడు. అట్ట చిగురాకులా ఉంది. డబ్బాలోది ముదిరిన ఆకులా ఉంది. రుబ్బిన ఆకు గాలి తగిలితే గంటగంటకూ నల్లబడుతుందని వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. రంగుల దుకాణంలో అడగడానికి అలాంటివాళ్లు లేరు. డబ్బాలోని రంగు దానంతట అది మారదన్నది ఆ వృత్తికి పునాది. కాబట్టి మారింది తన కళ్లే అయ్యుండాలి. ఆయన ఎవరికీ చెప్పకుండా రెండో అట్ట మొదలుపెట్టాడు.

మూలన కంపెనీ మనిషికీ అదే గతి పట్టింది. తొమ్మిదిన్నరకు మెషీన్ ఒక పాళ్ల లెక్క ఇచ్చింది. పదకొండున్నరకు అదే డబ్బాకు ఇంకో లెక్క ఇచ్చింది. మెషీన్ కంటిని మెత్తటి గుడ్డతో తుడిచి, ఆపి, మళ్లీ వేసి, కంపెనీకి ఫోను చేసి గుసగుసగా మాట్లాడాడు. మధ్యమధ్య రంగులాయన వైపు దొంగచూపులు చూశాడు. ఆ మనిషి వంచిన తల ఎత్తకుండా నింపాదిగా కలుపుకుంటున్నాడు. రంగులాయన కూడా మధ్యమధ్య మూలకు చూశాడు. మెషీన్ పచ్చదీపం వెలిగించుకుని, ఏ చీకూచింతా లేకుండా గుయ్యిమంటోంది. ఎవరి బాధ వాళ్లు దాచుకున్నారు కాబట్టి, ఎదుటివాడు హాయిగా ఉన్నాడనే ఇద్దరూ చెమటలు కక్కారు. ఇద్దరిలో ఒక్కరు నోరు తెరిచి ఉంటే ఈ కథ పదకొండున్నరకే ముగిసేది.

ఒంటిగంటకు రెండో అట్ట పక్కన డబ్బా పెట్టి చూసుకుంటే అది మళ్లీ మారిపోయింది. ఈసారి పాత ఇత్తడి మీద పట్టిన కిలుములా ఉంది. రంగులాయన మూడో అట్ట పూశాడు. రంగు తప్పలేదు. అక్కడ కంపెనీ మనిషికి మూడో లెక్క వచ్చింది. లెక్కలు కుదరనప్పుడు సగటు తీయాలని కంపెనీ వాళ్ల పుస్తకంలో ఉంది. అతను మూడింటికీ సగటు తీసి, దాని ప్రకారం ఒక్క అట్ట తయారుచేసి, ఊపిరి పీల్చుకుని టై వదులు చేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే దస్తావేజుల ఆఫీసులో భోజనాల బల్ల చుట్టూ తొమ్మిదిమంది కూర్చున్నారు. ఆవిడ డబ్బా మూత చెంచాతో లేపింది. రంగు చూసి అందరూ ముచ్చటపడ్డారు. టైపిస్టు అందరికన్నా ముందే ఓ క్యారెట్ ముక్కను నిండా ముంచి నోటిదాకా తీసుకెళ్లింది. ఇంటావిడ ముక్కుకు రంగు వాసన తగిలింది. ఈ ముక్కు బాగానే పనిచేస్తుంది. క్షణంలో టైపిస్టు చేతిని పట్టుకుని ఆ ముక్క లాక్కుంది.

"సాస్ పాడైంది. ఎవరూ ముట్టుకోకండి" అంది.

"చూడ్డానికి బాగానే ఉంది కదా వదినా."

"చూడ్డానికి అన్నీ బాగానే ఉంటాయి."

అందరూ ఈ నెల కూడా మంచినీళ్లతోనే కూరగాయలు తిన్నారు. సగం క్యారియర్‌లోనే మిగిలిపోయాయి. ఆవిడ మొగుడి ఫోనుకు తొమ్మిదిసార్లు చేసింది. అది సొరుగులో తొమ్మిదిసార్లు మోగి ఊరుకుంది. చివరికి దుకాణం నంబరుకు చేస్తే యజమాని ఎత్తాడు. ఆవిడ చుట్టూ ఆఫీసు వాళ్లు చెవులు రిక్కించుకుని ఉన్నారు. వాళ్లకు రంగు తినిపించబోయానని ఒప్పుకోవడం ఆవిడకు ఇష్టం లేదు. అందుకని ఎంత అవసరమో అంతే మాట్లాడింది.

"పొద్దున ఆయన పట్టుకొచ్చిన డబ్బా ఉందే, అది నాదండి. దాన్ని ఏమీ చెయ్యొద్దని చెప్పండి."

ఇరవై రెండేళ్లలో యజమాని ఆవిడ గొంతు రెండుసార్లు విని ఉంటాడు. డబ్బా నాది అనే ఆడమనిషి ఆ రోజుకు ఆయనకు తెలిసి ఒక్కతే. కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడాడు.

"అలాగేనమ్మా. మీరు నాలుగింటికి కదా వచ్చేది?"

ఆవిడ ఓ క్షణం ఆలోచించింది. నాలుగింటికైతే తనకూ పర్మిషన్ దొరుకుతుంది. "సరే, నాలుగింటికే వస్తాను. అందాకా దాంట్లో ఏదీ కలపొద్దు. నాకది ఎలా ఉన్నది అలాగే కావాలి. కాస్త చల్లటి చోట పెట్టమనండి."

ఫోను పెట్టేశాక యజమాని ముఖం వెలవెలబోయింది. పెద్దమేడమ్ స్వయంగా ఫోను చేసిందనీ, వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోనంటోందనీ, డబ్బాను చల్లగా ఉంచమందనీ ఇద్దరికీ చెప్పాడు. అంత పట్టింపు ఉన్న మనిషిని తను ఎక్కడా చూడలేదన్నాడు. డబ్బాను తీసుకెళ్లి తన గదిలో మంచినీళ్ల సీసాలు పెట్టుకునే చిన్న ఫ్రిజ్‌లో పెట్టించాడు.

రంగులాయనకు అన్నం సహించలేదు. వీధి దాటి ఎదురుగా ఉన్న కళ్లద్దాల దుకాణానికి వెళ్లి, కళ్లు చూడమన్నాడు. గోడ మీది అక్షరాల పట్టికలో అన్నిటికన్నా చిన్న వరుస చదివాడు. దాని కింద, పట్టిక అచ్చువేసిన ప్రెస్సువాళ్ల చిరునామా కూడా చదివాడు. కళ్లద్దాలాయన లేచి పట్టిక దగ్గరకు వెళ్లి వంగి చూస్తే గానీ అక్కడ చిరునామా ఉందని తెలియలేదు. రంగుల చుక్కల పుస్తకం తెచ్చి చూపించినా ఒక్క తప్పు రాలేదు.

"మీ కళ్లు నిక్షేపంలా ఉన్నాయండి. నావి మీరు చూస్తే నయం" అన్నాడు కళ్లద్దాలాయన.

ఇంకొకరైతే ఈ మాటకు సంతోషించేవారు. రంగులాయనకు ఒళ్లు చల్లబడింది. కళ్లు బాగున్నాయంటే లోపం కళ్ల వెనక ఉందన్నమాట. తిరిగొచ్చి, బల్ల మీద మూడు అట్టలూ వరసగా పేర్చుకుని చాలాసేపు చూశాడు. ఒకటి చిగురు, ఒకటి ముదురు, ఒకటి కిలుము. ఒకే డబ్బాకు మూడు రంగులు చూసిన మనిషిని నలభై రెండు గదులతో ఎవరు నమ్ముతారు? ఆయనకు ఏడుపొచ్చింది. దుకాణంలో ఏడవడం అలవాటు లేక, తెల్లకాగితం ఒకటి తీసి రాయడం మొదలుపెట్టాడు.

మూడుంపావుకు ఆ కాగితం యజమాని చేతికిచ్చాడు. అందులో ఇలా ఉంది. "అయ్యా, ఇరవై రెండేళ్లు నా కళ్లను నమ్ముకున్నాను. మీరూ నమ్మారు. ఈ రోజు అవి ఒక్క డబ్బాలో మూడు రంగులు చూశాయి. మెషీన్ ఒక్కటే అట్ట చేసింది. అందుకని నేనే తప్పుకుంటున్నాను. గోడౌన్ పని వద్దు. అక్కడి డబ్బాల్ని కూడా నేను ఒకటికి మూడుగా లెక్కపెడతానేమో."

యజమాని రెండుసార్లు చదివాడు. నాలుగయ్యాక మాట్లాడదాం అని మాత్రం అని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దమేడమ్ వచ్చేముందు డబ్బాను ఆఖరిసారి కుదపాలి. ఉద్యోగం వదులుకున్నా నియమం వదులుకోలేదు రంగులాయన. ఫ్రిజ్‌లోంచి చల్లటి డబ్బాను తెచ్చి యంత్రంలో బిగించాడు. ఏదో తేడాగా ఉందని ఈసారి ఐదు నిమిషాలు ఆడించాడు. మూడో నిమిషం నుంచి లోపల ఏదో గడ్డలాంటిది డబ్బా గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు రాసాగింది. రంగు డబ్బాలోంచి అలాంటి చప్పుడు ఆయన జన్మలో వినలేదు. మూత తీయడానికి ధైర్యం చాలక అలాగే బల్ల మీద పెట్టాడు.

నాలుగింటికి పెద్దమేడమ్ వచ్చింది. మనిషి పొట్టి, అడుగు గట్టి. యజమాని ఎదురువెళ్లి, ఫోనులో చెప్పినట్టే అన్ని జాగ్రత్తలూ తీసుకున్నామన్నాడు. తాను ఎవరికీ ఫోను చెయ్యలేదంది ఆవిడ. మరి చల్లగా పెట్టమన్నారు కదా అన్నాడు యజమాని. రంగును చల్లగా పెట్టడమేమిటని ఆవిడ ఎదురడిగింది. కంపెనీ మనిషి చొరవ తీసుకుని డబ్బా మూత తీశాడు.

అందులో పచ్చటి నీళ్లున్నాయి. నీళ్లలో నిమ్మకాయంత ముద్ద ఒకటి తేలుతోంది.

రంగులాయన గోడను పట్టుకున్నాడు. కంపెనీ మనిషి, నాసిరకం రంగులు కలిపితే ఒక్కోసారి ఇలా విరుగుతాయని మెల్లగా అన్నాడు. పెద్దమేడమ్ అతన్ని చూసిన చూపుకు నలభై రెండు గదుల పిల్లలూ బల్లల కింద దూరేవారు.

"ఇది నా డబ్బా కాదు" అంది.

"మీదేనండి. పొద్దుటి నుంచి దాన్నే చూస్తున్నాం" అన్నాడు యజమాని నీరసంగా.

అప్పుడు వచ్చింది రంగులాయన భార్య. ఒక చేతిలో క్యారియర్, ఇంకో చేతిలో డబ్బా. గుమ్మంలోంచే బల్ల మీదున్నది చూసి గబగబా వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. డబ్బాలో వేలు పెట్టి, ఆ ముద్దలోంచి కాస్త తీసి, నోట్లో పెట్టుకుంది.

పెద్దమేడమ్ వెనక్కి అడుగు వేసింది. కంపెనీ మనిషి అంబులెన్సు కోసం ఫోను తీశాడు. యజమాని కుర్చీ కోసం వెతుక్కున్నాడు. ఆవిడ నింపాదిగా చప్పరించి, మొగుడి వైపు తిరిగింది.

"వెన్న తీసేశారేంటండీ?"

ఆవిడే అందరికీ విడమరిచి చెప్పింది. కిటికీ గట్టు, రెండు డబ్బాలు, గాలి తగిలే కుడిచివర, అన్నీ. ఉప్పు మాత్రం సరిగ్గా సరిపోయిందని కూడా చెప్పింది. తన చేతిలోని డబ్బాను పెద్దమేడమ్‌కు అప్పగించి, అందులో ఒక క్యారెట్ ముక్కకు అంటినంత తగ్గి ఉంటుందనీ, దానికి తన తరఫున టైపిస్టును క్షమించాలనీ కోరింది.

తప్పు ఏమిటో తేలినందుకు యజమాని నవ్వబోయి, రంగులాయన ముఖం చూసి ఆగాడు. ఆ ముఖంలో ఇంకా వెలుగు రాలేదు. సాస్‌కీ రంగుకీ తేడా తెలియని కళ్లు తనవి అని ఆయన అనుకుంటున్నాడు. ఆ మాటే అన్నాడు కూడా, అందరూ వినేంత గట్టిగా.

భార్య ఆయన్ని పట్టించుకోకుండా బల్ల మీది అట్టల మీదికి వంగింది. మొదటి అట్టను చేత్తో తీసుకుని వెలుతురుకు పట్టింది.

"ఇది గుడ్డలో వడకట్టి మీగడ పోసినప్పటి రంగు. పొద్దున చూశాను, అచ్చం ఇంతే" అంది. రెండోది తీసింది. "ఇది మూత తీసి రెండు గంటలు ఉంచితే. అందుకే తొందరగా తినమంటాను." మూడోదాన్ని చూసి నిట్టూర్చింది. "ఇది ఎవరూ తినకపోతే. పోయిన పెళ్లిరోజున మీరు ఆలస్యంగా వచ్చినప్పుడు సరిగ్గా ఇలాగే ఉంది."

అట్టల వెనక రంగులాయన అలవాటుగా వేసిన టైములున్నాయి. యజమాని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. పది, పన్నెండు, ఒకటిన్నర. ఆవిడ చెప్పినదానికీ వాటికీ ఎక్కడా తేడా లేదు. ఇంతలో ఆవిడ నాలుగో అట్టను కూడా తీసుకుంది. అది మెషీన్ తీసిన సగటు.

"ఇదేంటో నాకు తెలియదు. నేనెప్పుడూ ఇలా చెయ్యలేదు" అని కింద పెట్టేసింది.

కంపెనీ మనిషి టై బిగించుకుని, మెషీన్ పచ్చదీపం ఆర్పేశాడు. మెషీన్ మూడుసార్లూ నిజమే చెప్పిందనీ, దాని మాట నమ్మకుండా సగటు తీసింది తానేననీ అతను నిజాయితీగా ఒప్పుకున్నాడు. తన కళ్లు చెప్పినది నమ్మలేకపోయినా రంగులాయన మాత్రం చూసింది చూసినట్టే కలిపాడు. రంగు కాని రంగును, నిలకడ లేని దాన్ని, మూడుసార్లు పట్టుకున్నాడు. ఇదంతా బుర్రకెక్కడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. ఎక్కాక, పక్కనున్న ఇరవై లీటర్ల డబ్బా మీద కూలబడ్డాడు. ఇంత సంతోషం ఒక్కసారిగా రావడం ఆయనకు ఇరవై రెండేళ్లలో ఇదే మొదలు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది. అలా వేసినప్పుడు వేలికున్న వెన్న చొక్కాకు తుడిచిందని ఆయన తర్వాత అన్నాడు కానీ, ఆవిడ ఒప్పుకోలేదు.

పెద్దమేడమ్ అంతసేపూ తన డబ్బాను, మొదటి అట్టను మార్చి మార్చి చూస్తోంది. అందరూ ఆవిడ వైపు తిరిగారు. తన డబ్బా దొరికింది కాబట్టి మళ్లీ మొదటి నుంచి చేయమంటుందని, రంగులాయన లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ఇది నేను కలిపిన రంగు కాదు. నేను కలుపుదామనుకున్నది ఇది. నాకు చేతకాలేదు" అంటూ ఆవిడ అట్టను ఆయన చేతికిచ్చింది. "నలభై రెండు గదులకూ ఇదే వెయ్యండి. ఇది మారదు కదా?"

"అట్ట మీదిది మారదండి" అన్నాడు రంగులాయన. ఆ పూట ఆయన ధైర్యంగా అన్న మొదటి మాట అది.

మెషీన్‌ను అట్టపెట్టెలో సర్దడానికి రంగులాయనే సాయం పట్టాడు. కంపెనీ మనిషి వెళ్తూ వెళ్తూ, పొద్దుటి నుంచి అడగాలనుకున్నది ఒక్కటే ఉందని ఆగి, క్యారియర్ వైపు చూశాడు. ఆవిడ మూత తీసింది. అంబులెన్సు పిలవబోయిన మనిషే ముందు ఓ చిలగడదుంప ముక్కకు ఆ పచ్చటి వెన్న పట్టించి తిన్నాడు. తర్వాత పెద్దమేడమ్ తింది. యజమాని డాక్టరును తలుచుకుని ఒక్క ముక్కే అన్నాడు. తర్వాత లెక్క మానేశాడు. క్యారియర్ ఖాళీ అయ్యేదాకా మంచినీళ్లు ఎవరూ అడగలేదు. ఈ సంగతి మర్నాడు టైపిస్టుకు తెలియజేయడానికి ఆవిడ ఒక చీటీ రాసి, టైపు మెషీన్ మీద అతికించింది.

అందరూ వెళ్లిపోయాక రంగులాయన కాస్త మొహమాటపడుతూ, తన కాగితం సంగతి ఏం చేశారని అడిగాడు. యజమాని జేబులోంచి తీశాడు కానీ చింపలేదు. వెనకవైపు ఖాళీగా ఉండడంతో, అక్కడే ఉన్న రంగులాయన భార్య చేత దాని మీదే సాస్ చేసే విధానం రాయించుకుని, ఇంటికి తీసుకెళ్లి వంటింటి గోడకు అంటించాడు. కాబట్టి రంగులాయన రాజీనామా ఇప్పటికీ యజమాని పరిశీలనలోనే ఉంది, గోడవైపు.